నేను చూసిన పాణచిరా

16 ఫిబ్రవరి 2025, ఆదివారం

చూశాను. పాణచిరాను చూశాను.

ఒకటి కాదు, మూడు. పొద్దున, వార్ధా నదిలో ఒక ఇసుక దిబ్బ పక్కన. ఏ ఘాటో ఇక్కడ కూడా రాయను. ఈ డైరీ ఇంట్లో ఎవరికీ అర్థం కాదని తెలుసు. మా ఆయన సుమన్ చదివింది మరాఠీ బడిలో, తెలుగు అక్షరం ఒక్కటి గుర్తుపట్టలేడు. నాకు మాత్రం బాబుపేట్ చర్చి పుణ్యమా అని రాయడం చదవడం వచ్చు. పెళ్ళయిన దగ్గర్నుంచి ఈ ఊర్జానగర్ కరెంటు ప్లాంట్ క్వార్టర్లో నా డైరీ టీవీ పక్కనే పడి ఉంటుంది, ఎవరూ ముట్టుకోరు. అయినా ఆ చోటు పేరు రాయను.

మొదట రివర్ టర్న్‌లు, ఈ నదిలో ఎప్పుడూ ఉండే పిట్టలే, అనుకున్నాను. నలుపూ తెలుపూ కనిపించి, సరేలే అని కెమెరా దించేశాను కూడా. అప్పుడు అందులో ఒకటి నీటికి ఆనుకుని వచ్చి, నోరు తెరిచి, కింది ముక్కును నీళ్ళలో ముంచి, అట్లాగే ఎగురుకుంటూ పోయింది. బట్టల కొట్టులో కత్తెరను ఆడించకుండా బట్ట మీద అలా తోసుకుంటూ పోతారే, అదే పని. వెనక నీటి మీద సన్నటి గీత మిగిలింది. ఎర్రటి నారింజ రంగు ముక్కు, పై దానికంటే కిందిది పొడుగు. ఇట్లాంటి ముక్కు ఇంకే పిట్టకూ లేదు. మరాఠీ వాళ్ళు పాణచిరా అని, అంటే నీళ్ళను చీరేదని, పేరు పెట్టారు, ఇంగ్లీషు వాళ్ళు స్కిమ్మర్ అన్నారు. నేను మాత్రం నోరు తెరుచుకుని చూస్తూ షట్టర్ నొక్కడం మరిచిపోయాను.

నొక్కేసరికి అవి దూరం పోయాయి. ఫోటోలో మూడు మరకలున్నాయి.

సుమన్ గట్టు మీద చింతచెట్టు కింద బండి ఆపుకుని ఫోన్ చూస్తున్నాడు.

"దొరికినయా నీ పిట్టలు?"

"దొరికినయ్. నువ్వు కూడ వచ్చి చూడరాదు?"

"ఆ ఇసుకల నేనెక్కడ నడుస్త? పా, ఎండ గొడ్తంది."

ఇంత పెద్ద సంగతి జరిగిపోతే ఆ మనిషికి ఎండ బాధ.

17 ఫిబ్రవరి

ఫోటో గ్రూపులో పెట్టాను. అనంతరావు సార్ మా పక్షుల క్లబ్బుకు పెద్ద. కాలేజీలో బోటనీ చెప్పి రిటైరయ్యారు. జిల్లాలో ఏ కొత్త పిట్ట కనబడినా ఆయన ఔనంటేనే ఔను. ఆయన వాయిస్ మెసేజ్ పంపారు: "మెర్లిన్ బేటా, అవి రివర్ టర్నులే. పాణచిరా మన దిక్కు ఎక్కడిది? గీ మరకలు చూసి నేను ఏమని రాయాలె?"

దాని కింద వరసగా నవ్వు బొమ్మలు. పులి ఫోటోల రోహిత్ మరాఠీలో ఒక ముక్క తగిలించాడు: స్టూడియోలో కూర్చుని ఒక పాణచిరాను తయారు చేసేయండి మేడం, మీకు చేతిలో పని కదా అని.

జట్‌పురా గేట్ దగ్గర స్టూడియోలో పెళ్ళి ఆల్బమ్‌లు చేయడం నా ఉద్యోగం. పెళ్ళికి రాని మేనమామను వచ్చినట్టు చూపిస్తాను. చనిపోయిన తాతను పెళ్ళికొడుకు పక్కన నిలబెట్టి తల మీద చేయి పెట్టిస్తాను. చూసినవాళ్ళు కళ్ళనీళ్ళు పెట్టుకుంటారు. అది నా పని. పిట్టల దగ్గర, తూనీగల దగ్గర నేను ఆ పని చేయను. వెలుతురు కొంచెం సరిచేస్తాను, అంతే.

వాళ్ళేమనుకుంటే నాకేం. నాకేం పట్టదు.

18 ఫిబ్రవరి

నాకేం పట్టదు. ఈ మాట రాద్దామనే డైరీ తీశాను.

23 ఫిబ్రవరి, ఆదివారం

నదికి పోలేదు. మా క్వార్టర్ల వెనక మురుగు కాలువ దగ్గర కూర్చున్నాను. కాలనీ వాళ్ళు ముక్కు మూసుకుని నడిచే చోటు అది. ఆరేళ్ళుగా నా తూనీగలు అక్కడే దొరుకుతున్నాయి. ఈ జాతి తూనీగలకు కూడా ఇంగ్లీషులో స్కిమ్మర్లనే పేరు. నీటి మీద తిరగడంలో పిట్టకూ పురుగుకూ తేడా లేదనుకున్నారేమో ఆ పేరు పెట్టినవాళ్ళు.

తూనీగను తరుముకుంటూ పోయేవాడికి ఫోటో దొరకదు. అది లేచిపోయిన పుల్లకే కెమెరా గురి పెట్టి ఊరికే ఉండాలి. మళ్ళీ ఆ పుల్ల మీదికే వచ్చి వాలుతుంది. ఈ ముక్క నాకు ఎవరూ చెప్పలేదు, మోకాళ్ళ నొప్పులే చెప్పాయి. ఈ రోజు ఎర్రది, మిరపపండు రంగుది, ఎండ నెత్తి మీదికి రాగానే తోకను నిలువుగా సూర్యుడి వైపు ఎత్తి పెట్టింది. అట్లా పెడితే ఒంటికి ఎండ తక్కువ తగులుతుంది. ఆ ఫోటో ఎంత బాగా వచ్చిందో నేనే రాసుకోవాలి: రెక్కల్లో ఈనె ఈనె కనబడుతోంది.

మే ఒకటిన క్లబ్బు ప్రదర్శన. హాల్లో ఒక గోడంతా నా తూనీగలకే ఇస్తామని జనవరిలోనే సార్ మాటిచ్చారు. గోడ పైన "మెర్లిన్ సుమన్ తూనీగలు" అని మరాఠీలో రాయిస్తారట. అమ్మ ఈ మాట చర్చిలో అందరికీ చెప్పేసింది, పాస్టరమ్మకు రెండుసార్లు.

పాణచిరా మాత్రం ఇంకా టర్నే.

16 మార్చి, ఆదివారం

మళ్ళీ కనబడ్డాయి. ఈసారి రెండే. ఇసుక మీద మెడ చాచి, ముక్కు నేలకు ఆనించి పడుకున్నాయి. చచ్చిపోయాయనుకున్నాను. కాసేపటికి ఒకటి లేచి రెక్క దులుపుకుని మళ్ళీ అట్లాగే పడిపోయింది. పడుకునే తీరే అది. పుస్తకాల్లో వెతికితే నిజమే, ఇవి ఇట్లాగే పడుకుంటాయి. టర్న్ ఇట్లా పడుకుంటుందా సార్? మీరే చెప్పండి.

గాలిలో దుమ్ము. ఫోటో మళ్ళీ మరకే.

30 మార్చి, ఆదివారం

దొరికింది!

పాణచిరా నా వైపే వస్తోంది. నోరు తెరిచి ఉంది. కింది ముక్కు నీళ్ళలో ఉంది. నీటి మీద గీత ఉంది. ముక్కు కొసన నీళ్ళు రెండుగా చీలి లేస్తున్నాయి. వెనక, ఎండ పొగలో, మా ప్లాంట్ చిమ్నీలు.

ఇక్కడ ఫోటోలు తీసేవాళ్ళందరూ చిమ్నీలను కత్తిరించి పారేస్తారు. పిట్ట ఏదో అడవిలో ఉన్నట్టు ఉండాలి వాళ్ళకు. నేను కత్తిరించలేదు. చిమ్నీలు లేకపోతే అది ఏ ఊరి పిట్టో ఎవరికి తెలుస్తుంది? ఇది చంద్రపూర్ పాణచిరా. నేను పుట్టి పెరిగిన పొగలో ఎగురుతోంది. ఈ ఊరి గురించి ఇంత గొప్ప ఫోటో ఎవరూ తీసి ఉండరు. రాసుకుంటే తప్పేముంది, నా డైరీ.

గ్రూపులో పెట్టను. వాళ్ళకు చూపించి మెప్పు పొందాల్సిన అవసరం నాకు లేదు.

6 ఏప్రిల్, ఆదివారం

గుడ్లు పెట్టింది. దిబ్బ మీద ఇసుకలో చిన్న గుంట, దాని మీద ఒకటి కూర్చుని ఉంది. రెండోది వచ్చి మారినప్పుడు లెన్సులోంచి కనబడ్డాయి. మూడు గుడ్లు. ఇసుక రంగే, మీద మచ్చలు.

నేను పాయకు ఇవతలే, రెల్లు పొదల వెనక ఉన్నాను. అంతకంటే ముందుకు పోలేదు. తల్లి మాటిమాటికీ నీళ్ళలోకి పోయి పొట్ట తడుపుకుని వచ్చి గుడ్ల మీద కూర్చుంటోంది. ఎందుకో అర్థం కావాలని నా పక్క ఇసుక మీద అరచేయి పెట్టాను. ఉంచలేకపోయాను. పొద్దున ఎనిమిదికే పెనం మీద పెట్టినట్టుంది. ఈ ఎండలో తల్లి కాసేపు లేచిపోతే చాలు, గుడ్లు ఉడికిపోతాయి.

ఎవరికీ చెప్పకూడదు.

7 ఏప్రిల్

రోహిత్ గ్రూపులో అడిగాడు: మేడం, మీ పాణచిరా తయారైందా, ఇంకా డిజైన్ జరుగుతోందా అని.

ఫోటో పెట్టేశాను.

ఏం కాదు. గుడ్ల సంగతి ఒక్క ముక్క చెప్పలేదు. ఫోటో లోపల దాగి ఉండే చోటు వివరాలన్నీ తుడిచేసి మరీ పెట్టాను. "ఎక్కడ మేడం?" అంటే "నదిలో" అన్నాను. నది ఎంత పొడుగు! వెతుక్కోమనండి.

8 ఏప్రిల్

ఒక్క నవ్వు బొమ్మ లేదు. ఎంత హాయిగా ఉందో. రోహిత్ చప్పట్ల బొమ్మ పెట్టాడు, పాపం చేతులు నొప్పి పుట్టి ఉంటాయి. అనంతరావు సార్ మాత్రం ఏమీ అనలేదు. చూశారని తెలుస్తూనే ఉంది.

10 ఏప్రిల్, గురువారం

అనంతరావు సార్ మా ఇంటికి వచ్చారు! ఈ క్వార్టర్ గుమ్మం ఎక్కారు. చేతిలో స్వీట్ డబ్బా.

"నేనే తప్పు చెప్పిన బేటా," అన్నారు కూర్చోకుండానే. "నీ మరకలను చూసి నవ్విన. గిప్పుడు నీ ముంగట నిలబడి చెప్తున్న, నువ్వు చూసినవి పాణచిరాలే. ఇన్నేండ్ల సంది తిరుగుతున్న, నా కండ్ల పడలే. నీకు పడ్డయ్."

సుమన్ చాయ్ పెట్టడానికి తనే లేచాడు, మా పెళ్ళయ్యాక ఇది ఎన్నడూ జరగలేదు. సార్ పేపర్లో రాయిస్తారట, నా పేరు పెద్దగా, ఆయన పేరు కింద చిన్నగా. ప్రదర్శనలో తూనీగల గోడకు మధ్యలో ఈ ఫోటో పెడతారట. నాకు ఏడుపొచ్చింది, ముఖం కడుక్కుని వచ్చాను. ఫిబ్రవరి నుంచి పట్టదు పట్టదు అని రాస్తూ వచ్చాను కదా, ఎంత పట్టిందో ఈ రోజు తెలిసింది.

పోయేటప్పుడు చెప్పారు. "చోటు నువ్వు చెప్పకున్న నేను పట్టిన. చిమ్నీ ఎనక చిమ్నీ సగం దాగింది సూడు, గట్ల నది ఒక్క మూలమలుపు కాడికెళ్ళే కనబడ్తయ్. మ్యాప్ మీద స్కేల్ పెట్టి గీత గీసిన. ఆదివారం అందరం పోతున్నం. నాగ్‌పూర్ వాళ్ళు, యవత్‌మాల్ వాళ్ళు, ఇరవై మందికి తక్కువ కారు. పడవ మాట్లాడిన. రోహిత్ డ్రోన్ తెస్తడు. ముంగట నువ్వే నడవాలె."

ఆయన సంతోషం చూస్తూ నేను తలూపాను.

చిమ్నీలు. నా చేతులతో నేనే ఉంచాను వాటిని.

11 ఏప్రిల్

సాయంత్రం సార్ ఇంటికి పోయి, "ఇది గుడ్లు పెట్టే కాలం సార్, జూన్ తర్వాత పోదామా?" అని అడిగాను.

"జూన్‌ల నది నిండితే దిబ్బ ఏడుంటది బేటా? దూరంకెళ్ళి చూస్తం. మేం గీ పని ఇయ్యాల మొదలు పెట్టినమా?"

"డ్రోన్ చప్పుడుకు లేచిపోతయ్ సార్."

"నువ్వు చూడొచ్చు, మేం చూడొద్దా?" కోపంగా అనలేదు, బాధగానే అన్నారు. ఆయన అడిగింది న్యాయమే.

కానీ పోయినేడు గుడ్లగూబ గూడును కూడా అందరూ దూరం నుంచే చూశారు. ఒక్కొక్కరు ఒక్కో అడుగు ముందుకు, ఇంకొంచెం బాగా వస్తుందని ఇంకో అడుగు. చివరకు తల్లి గూడు వదిలేసింది. ఎవరిని అడిగినా నేను దూరంగానే ఉన్నాననే చెప్పారు.

గుడ్లున్నాయని చెబితే ఆగుతారా? సార్ ఆగవచ్చు. ఆయన కళ్ళు చూశాను, ఆయన కూడా ఆగలేరేమో. మిగతావాళ్ళు ఆగరు. గుడ్లంటే ఇంకో ఇరవై మంది వస్తారు.

12 ఏప్రిల్, శనివారం

చెప్పేశాను.

రేపటి సంగతి మాట్లాడుకోవడానికి సార్ ఇంటి వరండాలో అందరూ కూర్చున్నారు. మ్యాప్ పరిచి ఉంది, దాని మీద ఎర్ర పెన్సిల్ గీత సరిగ్గా నా దిబ్బ మీదుగా పోతోంది. నేను నిలబడే చెప్పాను.

"పోకుండ్రి సార్. అక్కడ ఏం లేదు. ఆ ఫోటో నేను జోడించిన."

"జోడించిన అంటే?"

"దిబ్బ, చిమ్నీలు నావి. పిట్ట ఇంటర్నెట్‌ది. అతికించిన."

పిట్టల ఫోటోలు తీసేవాళ్ళలో దీనికంటే నీచమైన పని లేదు. ఒకడి కెమెరా ఇంకొకడు ఎత్తుకుపోయినా క్షమిస్తారేమో, ఇది క్షమించరు. ఎవరైనా నమ్మనంటారేమోనని ఎదురు చూశాను. కొన్ని క్షణాలు నిజంగా ఎదురు చూశాను. ఎవరూ అనలేదు. నేను నిజం చెప్పినప్పుడు రుజువులు అడిగారు, మచ్చ అన్నారు, మరక అన్నారు. అబద్ధం చెప్పగానే అడక్కుండా నమ్మారు. స్టూడియో మనిషి కదా.

ఆ మంటలో ఇంకా చెప్పాను. నీళ్ళలో నీడ ఎట్లా దింపానో, ముక్కు దగ్గర నీటి తుంపరలు ఎట్లా గీశానో, అంచులు ఎట్లా మెత్తగా చేశానో. అబద్ధం చెప్తున్నా నా పని నేను బాగానే చెప్పాను. రోహిత్ శ్రద్ధగా విన్నాడు, నేర్చుకునేవాడిలా.

"నేను ముందే అనలేదా," అన్నాడు ఆఖర్న.

సార్ కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. చాలాసేపు తుడిచారు. "పేపర్‌ల రాయించేటోన్ని బేటా. నా పేరు కూడ పెట్టుకుంటుంటి." తర్వాత అడిగారు: "మరి తూనీగలు? అవి కూడ గిట్లనేనా?"

దీనికి నేను సిద్ధపడి రాలేదు.

"కావు సార్. అవి నిజంగ నేను తీసినయే."

"ఎట్ల నమ్మాలె?"

ఎట్లా నమ్మాలి, నిజమే. ఆరేళ్ళు మురుగు కాలువ పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నానని ఎవరి చేత చెప్పించను? కాలనీ వాళ్ళు ముక్కు మూసుకుని పోయారు తప్ప ఎవరూ చూడలేదు. నమస్తే చెప్పి వచ్చేశాను.

పడవ వద్దని సార్ ఫోన్ చేయడం గేటు దాకా వినబడింది. నడుస్తూనే నవ్వు వచ్చింది, ఏడుపూ వచ్చింది. రెండూ ఒకేసారి రావడం ఇదే మొదటిసారి.

13 ఏప్రిల్, మట్టల ఆదివారం

ఈత మట్ట పట్టుకుని ఊరేగింపులో నడిచాను. ఎండ కణకణలాడుతోంది. దిబ్బ మీద ఎవరూ లేరు. నేను కూడా లేను. అదే పదే పదే అనుకున్నాను.

14 ఏప్రిల్

సుమన్‌కు ప్లాంట్‌లో తెలిసింది. తిండి ముట్టలేదు.

"గిన్ని ఆదివారాలు నన్ను ఆ చెట్టు కింద ఎండబెట్టి, నువ్వు చేసింది గిదా?"

నిజం చెప్పడానికి నోటిదాకా వచ్చింది. కానీ సుమన్ కడుపులో మాట ఆగదు. చేయని తప్పు నెత్తిన వేసుకున్నానని తెలిస్తే షిఫ్టు మొదలుకాకముందే గేటు దగ్గర అందరికీ చెప్పేస్తాడు, మంచి కోసమే చెప్తాడు. సాయంత్రానికి మళ్ళీ పడవ తయారు.

"అవును," అన్నాను.

"సాఫ్ చెప్పరాదు, గ్రూపుల నవ్వినరని చేసిన అని?"

"అవును, నవ్విన్రనే చేసిన."

గ్రూపులోంచి నన్ను తీసేశారు.

18 ఏప్రిల్, శుభ శుక్రవారం

ఆరాధన మధ్యలో ప్రార్థన మనవులు అడిగారు. జ్వరాలు, ఆపరేషన్లు, ఉద్యోగాలు అన్నీ అయ్యాక మా అమ్మ మంగతాయి లేచి నిలబడింది. ఆమె లేస్తే పాస్టర్ కూడా కుర్చీ సర్దుకుంటాడు.

"నా బిడ్డ మెర్లిన్ కోసం ప్రార్థన చెయ్యుండ్రి. దుర్బుద్ధి పుట్టి ఒక పిట్టను దెచ్చి అతికిచ్చి, అందర్ని నమ్మిచ్చింది. దేవుడు ఆ బిడ్డ నోట్ల సత్యం పెట్టాలె."

ఆడవాళ్ళందరూ కొంగు సర్దుకుని నా వైపు చూశారు. పాస్టర్ నా పేరు పలికి ప్రార్థించాడు, పిట్ట సంగతి కూడా వదల్లేదు. నేను సండే స్కూల్లో పిల్లలకు పాఠం చెప్తాను. వాళ్ళు వెనక వరసలోంచి మెడలు సాచి చూస్తున్నారు.

నేను తల దించలేదు. అందరికంటే గట్టిగా ఆమెన్ అన్నాను.

బయట అమ్మ నా చేయి పట్టుకుంది. "ఎందుకే బిడ్డా గట్ల చేసినవ్? నీకు తూనీగలున్నయ్ గద, అవి సాలకపాయెనా?"

"సాలలేదు అమ్మా."

20 ఏప్రిల్, ఈస్టర్

తెల్లవారుజామున ఆరాధన. నదికి పోలేదు. గుడ్లు పగిలి ఉంటాయా? పిల్లలు బయటికి వచ్చి ఉంటాయా?

27 ఏప్రిల్, ఆదివారం

సుమన్ బండి ఇవ్వనన్నాడు. బస్సులో పోయి, దిగి, గట్టు మీద నడిచి పోయాను.

రెండు పిల్లలు!

మూడో గుడ్డు కనబడలేదు. రెండు చాలు. ఇసుక ముద్దకు కాళ్ళొచ్చినట్టున్నాయి. కదిలితే కనబడతాయి, ఆగితే మాయం. తల్లి వచ్చి రెక్క విప్పి నిలబడితే ఆ నీడలోకి దూరాయి. రెల్లు పొదల వెనక బోర్లా పడుకుని చూశాను. ఎంత గర్వంగా ఉందంటే, నేనే పొదిగినట్టు ఉంది. పొదిగింది నేను కాదు, సరే. కానీ ఇరవై మందిని ఆపింది నేను. ఒక్క నోటితో ఆపాను.

ఫోటో తీసుకున్నాను. ఎవరికీ కాదు, నాకు.

1 మే

ప్రదర్శనకు పోయాను. పోవద్దని సుమన్ అన్నాడు. ఎందుకు పోకూడదు? మంచి చీర కట్టుకుని, పిన్నులు పెట్టుకుని పోయాను.

నా గోడ మీద రోహిత్ తీసిన తాడోబా అడవి పులులున్నాయి. జనం సెల్ఫీలు దిగుతున్నారు. నేను ఒక్కొక్క పులి ముందు తీరుబడిగా నిలబడ్డాను. మూడో పులికి కన్ను ఫోకస్‌లో లేదు, మీసం ఉంది. ప్రాణానికి హాయిగా అనిపించింది.

సార్ ఎదురుపడ్డారు. ఎవరు ముందు పలకరిస్తారా అని ఇద్దరం ఆగాం. "బాగున్నవా?" అన్నారు. బాగున్నానన్నాను. ఇంకేదో అడగబోయి ఆగిపోయారు, వేరే వాళ్ళు పిలిస్తే పోయారు.

ఇంటికి వచ్చి తూనీగలన్నీ ఒకసారి తెరిచి చూశాను. తోక ఎత్తిన ఎర్రదాన్ని చాలాసేపు చూశాను. గోడ పోయింది, పేరు పోయింది. అది బాధే. బాధ కాదని రాస్తే ఈ డైరీకి కూడా అబద్ధం చెప్పినట్టవుతుంది, అందరికీ చెప్పింది చాలు.

11 మే

పిల్లలు నడుస్తున్నాయి. నీళ్ళ అంచు దాకా పోయి వెనక్కి ఉరుకుతున్నాయి.

18 మే, ఆదివారం

నది నుంచి వస్తూ బస్టాప్‌లో కళ్ళు తిరిగి పడిపోయాను. ఎవరో నీళ్ళు చల్లి నా ఫోన్‌లోంచి సుమన్‌కు చేశారట. బండి మీద ఎంత వేగంగా వచ్చాడో, చెప్పులు కూడా వేరువేరువి. నిమ్మరసం తాగించి, తడిగుడ్డ తలకు చుట్టి, ఇంటికి వచ్చేదాకా ఒక్క మాట అనలేదు. ఇంటికి వచ్చాక మొదలుపెట్టాడు.

"లేని పిట్టల కోసం సస్తవా?"

నేను గోడ వైపు తిరిగి పడుకున్నాను.

"ఇగ ఒక్కదానివి పోవద్దు. పోవాలెనంటే నేనే తీస్కపోత. పిచ్చే అనుకో, ఇద్దరం పోదాం."

25 మే

జ్వరం. పోలేదు.

1 జూన్, ఆదివారం

ఈ రోజుది అంతా రాయాలి.

సుమన్ బండి మీద తీసుకుపోయాడు. ఎప్పటిలా చింతచెట్టు కింద ఆగుతాడనుకున్నాను. నేను మళ్ళీ ఎక్కడ పడిపోతానోనని గొడుగు పట్టుకుని వెంట వచ్చాడు. బూట్లలో ఇసుక పోయిందని గొణుక్కుంటూ, ప్రతి పది అడుగులకూ "ఇంకెంత దూరం?" అంటూ. రెల్లు పొదల దగ్గర చేయి పట్టి కూర్చోబెట్టాను.

పెద్దవి రెండూ నీటి మీద ఉన్నాయి. పిల్లలు గోధుమ రంగు మచ్చలతో వాటి వెనకే ఎగురుతున్నాయి. ఎగురుతున్నాయి! ఒకటి తల్లిని చూసి తనూ నోరు తెరిచి ముక్కు నీళ్ళలో పెట్టింది, ఎక్కువ ముంచేసింది, తలకిందులై పోబోయి రెక్కలు కొట్టుకుంటూ లేచింది. మళ్ళీ పెట్టింది. ఈసారి నీటి మీద వంకరటింకర గీత పడింది.

సుమన్ గొడుగు మూసి కింద పెట్టాడు.

"గదేనా?"

"గదే."

కెమెరా తీసుకుని కంటికి పెట్టుకున్నాడు. ఎంతసేపటికీ తీయలేదు.

"ఉన్నయ్," అన్నాడు. "నిజంగనే ఉన్నయ్. మరి అతికిచ్చిన అని ఎందుకు చెప్పినవ్?"

"అప్పుడు గుడ్లున్నయ్. ఇరవై మంది వస్తుండె."

అర్థం చేసుకోవడానికి అతనికి ఎంతోసేపు పట్టలేదు. ముఖం ఎర్రబడింది. "నాకన్న చెప్పొద్దా?"

"చెప్తే నువ్వు ఆగుదువా?"

లేచి రెండు అడుగులు అటు, రెండు అడుగులు ఇటు నడిచాడు. "నా పెండ్లాన్ని ఊరంత దొంగ అన్నరు. ప్లాంట్‌ల రోజు ఒకడు గెలుకుతనే ఉన్నడు. చర్చిల పేరు పెట్టి ప్రార్థన చేసిన్రు. నేను కూడ..." అని ఆగాడు. "నేను కూడ అన్న." ఫోన్ తీసి అనంతరావు సార్‌కు కలిపాడు.

నేను లాక్కోవచ్చు. లాక్కోలేదు. ఎందుకో చెప్తాను: చెప్పేస్తే బాగుండుననిపించింది. నా నోటితో కాకుండా, నా మొగుడి నోటితో నా పేరు నాకు తిరిగి వస్తే ఎంత బాగుండు. పిల్లలు ఎగిరాయి కదా, ఇంకేం భయం అని కూడా అనుకున్నాను. వచ్చే ఏడు ఇవి మళ్ళీ ఈ దిబ్బకే వస్తాయని తెలిసి కూడా అనుకున్నాను.

స్పీకర్‌లో పెట్టాడు. సార్ ఒక్క రింగుకే ఎత్తారు.

"చెప్పు సుమన్. ఏం సంగతి?" నది గాలి ఫోన్‌లో వినబడిందేమో, గొంతు మారింది. "నదికాడ ఉన్నవా? ఏమన్న కనబడ్డదా?"

అంత ఆశ ఆ గొంతులో. ఆయన ఇంకా పూర్తిగా నమ్మలేదు నా అబద్ధాన్ని. నాకు ఆయన మీద ప్రేమ పుట్టుకొచ్చింది, నిజంగా.

సుమన్ నా వైపు చూశాడు. తర్వాత దిబ్బ వైపు చూశాడు. పిల్లలు రెండూ ఇసుక మీదికి దిగి, అలసిపోయి, మెడలు చాచి నేలకు ఆనించి పడుకున్నాయి. వాటి పక్కనే తల్లి తడిసిన పొట్టతో నిలబడి ఉంది. సుమన్ ఎంతసేపు చూశాడంటే సార్ రెండుసార్లు హలో అన్నారు.

"ఏం లేవ్ సార్," అన్నాడు. "తీతువలు. రెండు తీతువలు ఉన్నయ్."

"గంతేనా?"

"గంతే సార్. నది మొత్తం ఖాళీ."

ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. మెడ మీద చెమట ధారగా కారుతోంది. పాపం, ఆ మనిషి నాతో తప్ప ఇంకెవరితోనూ ఇంతవరకు అబద్ధం ఆడినట్టు లేడు. నా పక్కన కూలబడ్డాడు, గొడుగు మళ్ళీ విప్పి ఇద్దరి మీదా పట్టాడు. ఎండ బాగా ఎక్కేదాకా అట్లాగే కూర్చున్నాం. పోదాం పా అని ఒక్కసారి కూడా అనలేదు.

ఈ ఇంట్లో ఇప్పుడు ఇద్దరం అబద్ధాలకోరులం. ఇంత గర్వంగా నేను ఎప్పుడూ ఇంటికి రాలేదు.